గాక లేని దీవెన

కొత్తగా గురుపట్టం పుచ్చుకున్న కుర్ర స్వాములు అప్పుడప్పుడు మా ముసలి గురువుల విశ్రాంతి గృహానికి వస్తుంటారు. పళ్లో బిస్కట్లో తెస్తారు, కాసేపు కూర్చుంటారు, లేవబోతూ "మాకేమైనా సలహా చెప్పండి స్వామీ" అంటారు. మర్యాదకు అంటారని నాకూ తెలుసు. అయినా అడిగిన పాపానికి చెబుతున్నాను. ప్రసంగాల గురించి నన్ను అడక్కండి, నా ప్రసంగాలకు ముందు వరసలో వాళ్లు కూడా కునుకు తీసేవారు. బడులు కట్టించడం, బిషప్పుగారి దగ్గర మంచి అనిపించుకోవడం చెప్పేవాళ్లు మీకు బోలెడుమంది ఉన్నారు. నాకు తెలిసిందల్లా దీవెనలు. ఈ ఉద్యోగంలో పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరు అడిగేది అదే.

గేదె దగ్గర ఎక్కడ నిలబడాలి

సెమినరీలో మాకు ఏళ్ల తరబడి వేదాంతం నూరిపోశారు. దేవుడు ఒక్కడై ఉండి ముగ్గురెలా అయ్యాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ణి. గేదెను దీవించేటప్పుడు దాని ముందు నిలబడాలా వెనక నిలబడాలా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. పక్కన నిలబడాలి. ముందు నిలబడితే కొమ్ము, వెనక నిలబడితే కాలు. రెండూ రుచి చూశాకే ఈ మాట రాస్తున్నాను.

నా మొదటి పోస్టింగు చీపురుపల్లి దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక పల్లెలో, పందొమ్మిది వందల అరవైల చివర్లో. అప్పటికి విజయనగరం జిల్లా పుట్టలేదు. నేను గుంటూరు జిల్లావాణ్ణి. మన సంఘంవాళ్లు అక్కడ కొద్ది ఇళ్లే. మిగతా ఊరంతా వరి, చోళ్లు (మన రాగులే), నువ్వులు పండించుకునే హిందూ రైతులు. అయితే దీవెన దగ్గర ఎవరూ మతం చూసుకునేవారు కాదు. ఎద్దు జబ్బు పడితే, కొత్త సైకిలు కొంటే, పిల్లాడు నిద్దట్లో ఉలిక్కిపడితే "పాదిరి బాబు" గుమ్మం ముందు నిలబడేవారు. ఇన్ని వాకిళ్లు తట్టాం, ఇదొకటి తట్టితే పోయేదేముంది అన్నట్టు ఉండేది వాళ్ల భక్తి. నాకు ఆ భక్తి మొదట్లో నచ్చలేదు. తర్వాత అదే నన్ను బతికించింది.

వెళ్లిన కొత్తలో ఒక రైతు గేదె పాలు ఎగ్గొడుతోందని తీసుకొచ్చాడు. నేను తీర్థం బకెట్టు కింద పెట్టి పుస్తకంలో పేజీ వెతుక్కుంటున్నాను. ఈలోగా గేదె మూతి పెట్టి బకెట్టు తీర్థమంతా తాగేసింది. నాకు ఒళ్లు మండింది. రైతు మాత్రం చేతులెత్తి దండం పెట్టాడు.

"కడుపులోకే ఎలిపోనాది బాబూ! ఇంక సూస్కో!"

గేదె పాలివ్వడం మొదలుపెట్టింది. అది ఎండ తగ్గి పచ్చగడ్డి మొలిచే కాలమని నేను ఎంత చెప్పినా వినేవాడు లేడు. ఆ తర్వాత చల్లితే ఒప్పుకునేవారు కారు, తాగించాల్సిందే.

చీపురుపల్లి బజారులో ఒక షావుకారు కొత్త కొట్టు తెరుస్తూ నన్నూ పిలిచాడు. నేను తీర్థం చల్లబోతుంటే, "బాబుగారూ, ఉప్పు బస్తా మీద వద్దండి, కరిగిపోద్ది. బెల్లం మీద వద్దండి. మిరపకాయల మీద అసలే వద్దండి, బూజు పడతాది" అంటూ చెయ్యి పట్టుకున్నాడు. మరి దేని మీద చల్లమంటారని అడిగాను. ఆయన కొట్టంతా కలియజూసి, "పైకి గాల్లోకి జల్లీయండి, అదే ఎక్కడ పడాలో అక్కడ పడతాది" అన్నాడు. పైకే చల్లాను. తిన్నగా వచ్చి మిరపకాయల మీద పడింది.

పెద్దస్వామి

నా పైన విచారణ గురువు, అంటే ఆ చుట్టుపక్కల సంఘాలన్నిటికీ పెద్ద, ఒక ఫ్రాన్సు దేశస్థుడు. ఊరంతా పెద్దస్వామి అనేది. ఆయన కుర్రతనంలో వచ్చి ఆ ఊళ్లోనే ముసలివాడయ్యాడు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకోలేదు, చేలగట్ల మీద నేర్చుకున్నాడు. నేను బస్సు దిగి సంచీతో వెళ్లి నిలబడితే, వరండాలో చుట్ట కాల్చుకుంటున్న ఆ ఎర్రటి గడ్డపాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏట్రా గుంటడా, నువ్వేనా గుంటూరు నుంచి వస్తానన్నోడివి? తిన్నావేటి?" అన్నాడు. నా తెలుగు విని జనం నవ్వేవారు, ఆయన తెలుగు విని జవాబు చెప్పేవారు.

ఆయనలో తప్పులు లేవని కాదు. కోపం ముక్కు మీద ఉండేది. లెక్కలు రాసేవాడు కాదు. కన్యాస్త్రీలను ఊరికే కసురుకునేవాడు. కాని ఎవరింటికైనా దీవెనకు వెళ్తే ఆ ఇంటివాళ్లు వెలిగిపోయేవారు. చెయ్యి చాపి, కళ్లు మూసుకుని, "బెనెదికాత్ వోస్ ఒమ్నీపొతెన్స్ దేవుస్" అని లాటినులో గొణిగేవాడు. ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అందుకే అందరికీ నమ్మకం. "ఆకర్న దేవుసు అన్నాడు గదా, దేవుడనే గదేటి" అని సర్దిచెప్పుకునేవారు.

అలాంటప్పుడు పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఇకమీద అంతా తెలుగులోనే. దీవెనలు తెలుగు చేసిన టైపు కాగితాలు కూడా వచ్చాయి. పెద్దస్వామి వాటిని కళ్లజోడు పెట్టుకుని చదివాడు, కళ్లజోడు తీసి చదివాడు, చివరికి నా ఒళ్లో పడేశాడు.

"ఈ బాస నా నోరు తిరగదురా. నువ్వు గుంటూరోడివి, నీకే తగును. ఇక్కణ్నించి దీవెనలు నీయి."

నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. నాది గంట లాంటి గొంతు. పైగా సెమినరీలో మా ప్రసంగాల మాస్టారు ఒక సూత్రం నేర్పారు: వాక్యంలో చివరి మాటకు ముందు ఒక్క క్షణం ఆగాలి, ఆ చివరి మాటను నొక్కి పలకాలి. ఆ సూత్రమే నా కొంప ముంచింది.

గాక

మొదట వచ్చిన మనిషి తవిటమ్మ. పెద్ద రైతు ఇంటి ఆడమనిషి, నోట్లో ఎప్పుడూ అడ్డపొగ చుట్ట, అంటే నిప్పు వైపు లోపలికి పెట్టి కాల్చేది. వెనకే కోడలు గౌరి, నిండు మనిషి. గౌరికి ముందొక కాన్పు అయింది. బిడ్డ దక్కలేదు. ఆ పిల్ల తల ఎత్తి ఎవరినీ చూడటం లేదు.

"కూర్మనాదుడికి మొక్కీసినాం. పైడితల్లమ్మకి మొక్కీసినాం. సీపురుపల్లిలో డాకట్రుకి సూపించీసినాం. నువ్వొక్కడివే మిగిలిపోనావు బాబూ" అంది తవిటమ్మ.

నేను దీవెనలప్పుడు గురువులు వేసుకునే పట్టీ మెడలో వేసుకుని కాగితం తీశాను. మాస్టారి సూత్రం మరిచిపోలేదు.

"సర్వశక్తిగల దేవుడు ఈమెను కాపాడును... గాక! ఈమెకు సుఖప్రసవము కలుగును... గాక! తల్లియు బిడ్డయు క్షేమముగా నుందురు... గాక!"

ఒక్కో గాకకూ తవిటమ్మ నోట్లో చుట్ట కొంచెం కొంచెం కిందికి వాలింది. గౌరి మొదటిసారి తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు భక్తి అనుకున్నాను. ఇద్దరూ గబగబా వెళ్లిపోయారు. బాగా కుదిరిందని నాకు ఆ పూట అన్నం ఎక్కువ సహించింది.

ఆ వారంలోనే ఏదో తేడా కనబడింది. నేను వీధిలో వస్తుంటే ఆడవాళ్లు పాడిగేదెల్ని చాటుకు తోసేవారు. ఏడ్చే పిల్లల్ని "ఊరుకో, పాదిరి బాబు గాక పెట్టీస్తాడు" అని బెదిరించేవారు. ఒకడి ఆనపపాదు ఎండిపోతే గాక తగిలిందన్నారు. ఈ గాక ఏమిటో, ఏ తెగులో నాకు అంతుబట్టలేదు. ఆ ప్రాంతపు మాట కాబోలనుకున్నాను.

చివరికి గౌరి పెనిమిటి వచ్చాడు. పేరు సన్నాసి. ఆ దేశంలో సగంమంది పేరు అదే, పేరుకు సన్నాసే గాని పెళ్లామంటే ప్రాణం. వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"బాబూ, మా ఇంటిదానికి నువ్వు ఏటి సదివినావు?"

"దీవెన చదివానయ్యా."

"దీవెనైతే ఆకర్న గాక ఏటి? సుకప్రసవం కలుగునన్నావు, బాగుంది. అనీసి ఊరుకోవచ్చు గదా. ఆగి మరీ గాక అనీసినావు. కలుగును, కాక! అంటే కలగదనే గదా? తల్లీ బిడ్డా సేమంగా ఉందురు, కాక! మేం నీకేటి అన్యాయం సేసినాం బాబూ?"

నాకు నవ్వు వచ్చింది. సన్నాసి మొహం చూశాక పోయింది.

"అది కాదయ్యా. గాక అంటే ఆశీరర్థకం."

"ఏ రోగం?"

"రోగం కాదు. ఆశీరర్థకం. మంచి జరగాలన్న కోరికను తెలిపే..."

"అదేటో నాకు తెల్దు. అది మూడొద్దులాయి మెతుకు ముట్టనేదు. ముందు బిడ్డ పోనాది, ఇదీ పోతాదని పాదిరి బాబే సెప్పీసినాడని గోడకేసి తిరిగి తొంగున్నాది. ఆ గాక నువ్వు తీసీగలవా, నేదా? అది సెప్పు."

కుర్ర స్వాములూ, ఇక్కడ ఒక్కమాట. వ్యాకరణం ప్రకారం నేను చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పు. ఆ ఒప్పు వల్ల ఆ ఇంట్లో ఒక్క ముద్ద కూడా దిగలేదు. మన వృత్తిలో అలాంటి ఒప్పులు చాలా ఎదురవుతాయి. వాటిని పట్టుకుని వేలాడే గురువుల్ని నేను చాలామందిని చూశాను. వాళ్ల విచారణల్లో జనం దూరం నుంచే దండం పెట్టి పోతారు.

పూచీ

పెద్దస్వామికి సంగతి చెబితే ఆయన గడ్డం తడిసేలా నవ్వాడు. దగ్గు వచ్చి ఆగాడు. మూడొద్దులుగా తినలేదన్న మాట చెప్పాక మొహం మారిపోయింది.

"ఎల్లి గాక తీసీరా మరి. ఇంకా ఇక్కడ నిలబడి సూస్తావేటి?"

"దీవెన వెనక్కి తీసుకోవడమా? ఎక్కడా లేదు స్వామీ."

"తీసుకోమననేదు. ఆల మాటలో సెప్పమన్నాను. బిడ్డ పుడతాది, బతుకుతాది అని సెప్పు."

"అలా చెప్పడానికి మనమెవరం? గాక అంటే దేవుణ్ణి అడగడం. బతుకుతుందంటే మాట ఇవ్వడం. రేపు జరగరానిది జరిగితే?"

ఆయన చుట్ట పక్కన పెట్టాడు. "జరిగితే ఎల్లి ఆల గుమ్మంలో కూకోవాల. తిడితే పడాల. గాక అంటే పూచీ అంతా దేవుడి మీద తోసీడమేరా. సగం నువ్వు మొయ్యి. అందుకే నిన్ను ఇక్కడికి పంపినారు."

దీని మీద వేదాంతులు నాతో వాదించవచ్చు. ఇప్పటికీ పెద్దస్వామి అన్నది పూర్తిగా సరైనదని నేను చెప్పను. బతుకుతుందని చెప్పిన బిడ్డలు పోవడం కూడా ఆ తర్వాత చూశాను. కాని ఆ పూట నాకు వేరే దారి కనబడలేదు.

మిట్టమధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో ఇరుగుపొరుగు అంతా చేరారు. గౌరి గోడకేసి తిరిగి పడుకుని ఉంది. నేను కాగితం తేలేదు. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, ఎక్కడా ఆగకుండా అన్నాను.

"బిడ్డ పుడుతుంది. బతుకుతుంది."

"పుడతాది అను" అంది తవిటమ్మ వెనకనుంచి.

"అదే కదమ్మా."

"అదే అయితే అనడానికేటి? నీ గుంటూరు బాస దానికి తగుల్తాదో తగల్దో. పుడతాది అను."

"పుడతాది."

"బతుకుతాది."

"బతుకుతాది."

బళ్లో పిల్లాడిలా వల్లించాను. వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తవిటమ్మకు ఇంకా తృప్తి లేదు. "ఆ దేవుసు మాట కూడా ఓపాలి అనీ, నీ సొమ్మేటి పోతాది?" అంది. బిషప్పుగారు క్షమించాలి, అదీ అన్నాను.

అప్పుడు గౌరి ఇటు తిరిగింది. ఆ పిల్ల గొంతు నేను వినడం అదే మొదలు.

"నువ్వు వస్తావా బాబూ?"

"ఎప్పుడు?"

"పుట్టినాక. మంచైతే అందరూ వస్తారు. ముందుపాలి అలాగయినప్పుడు మా వాకిట్లోకి మనిసి రానేదు. ఏదైనా అయితే నువ్వు వస్తావా?"

ఆ మాటకు వాకిట్లో నవ్వులు ఆగిపోయాయి. తవిటమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. వస్తానన్నాను.

"వత్తును గాక అనవు గదా?"

అనను అన్నాను. గౌరి మొహంలో నవ్వు లాంటిది ఒకటి కదిలింది. తవిటమ్మ వెంటనే చోళ్ల అంబలి ముంత తెచ్చి నోటికి అందించింది. తాగింది. ఆ గుక్కలు లోపలికి దిగుతుంటే నాకు బావురుమనాలనిపించింది.

గుంట

ఆ రోజునుంచి తిండి సహించని వంతు నాదయింది. గౌరి బాగానే తింటోందని రోజూ కబురు వచ్చేది. నేను మాత్రం అన్నం ముందు కూర్చుంటే "బతుకుతాది" అన్న నా మాటే చెవిలో మోగేది. అనేశాను. అనడానికి నేనెవణ్ణి? పుస్తకంలోని ప్రార్థనలన్నీ లాటినులోనూ తెలుగులోనూ చదివేవాణ్ణి, ఏదో ఒకటి తగలకపోతుందా అని. తవిటమ్మను చూసి నవ్విన నాకు ఆవిడ భక్తి అప్పుడు అర్థమయింది. ఎవరికైనా నెప్పులని వినబడితే చెప్పులు వేసుకోకుండానే వీధిలోకి పరుగెత్తేవాణ్ణి. పెద్దస్వామి చూసి చూసి, "కాన్పు ఆ పిల్లకా, నీకా?" అన్నాడు.

ఒకరోజు పొద్దెక్కాక సన్నాసి చేనుకు అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడు. ఒంటిమీద చొక్కా లేదు, ఊపిరి అందడం లేదు, కళ్లనిండా నీళ్లు. వరండా స్తంభం పట్టుకుని ఒకటే మాట అన్నాడు.

"గుంట బాబూ... గుంట! బేగి రా!"

అని వచ్చినదారినే మళ్లీ పరుగెత్తాడు.

మా గుంటూరు వైపు గుంట అంటే నేలలో తవ్విన గొయ్యి. మనిషి పోయినప్పుడు తవ్వేది అదే. అక్కడ ఆ మాటకు అర్థం వేరని నాకు తెలియక కాదు. రోజూ వినేమాటే, బస్సు దిగినరోజునే పెద్దస్వామి నన్ను అలాగే పిలిచాడు. కాని భయంలో ఉన్నవాడికి అమ్మ నేర్పిన భాషే ముందు వినబడుతుంది. నాకు వినబడింది గొయ్యి ఒక్కటే.

లోపలికి వెళ్లి, చావుకు వేసుకునే నల్ల పట్టీ, భూస్థాపన పుస్తకం తీసుకున్నాను. వాళ్లు మన సంఘంవాళ్లు కారు, ఆ ఇంటికి నా పుస్తకంతో పని లేదు. ఉత్త చేతులతో వెళ్లడానికి ధైర్యం చాల్లేదు, అంతే. దారి పొడుగునా ఏం చెప్పాలో వెతుక్కున్నాను. వాళ్ల గుమ్మం దగ్గరికి వచ్చేశాను. పెద్దస్వామి చెప్పినట్టే గుమ్మంలో కూలబడి, తల వంచుకుని ఏడ్చాను. సిగ్గు లేకుండా, గట్టిగానే ఏడ్చాను.

తవిటమ్మ బయటికి వచ్చింది. నోట్లో చుట్ట ఉంది. చుట్ట తీసి చేత్తో పట్టుకుంది.

"ఏటి బాబూ, గుంట పుడితే ఏడుస్తావా? గుంటడైతేనే నవ్వుతావేటి? కన్నోడే ఏడవనేదు, నీకేటొచ్చింది?"

నేను తలెత్తాను. అప్పుడు లోపలినుంచి వినబడింది, పచ్చి గొంతుతో కేరుమని. ఆ కేక ముందే ఉందేమో, నా ఏడుపులో నాకు వినబడలేదు. నేను నవ్వబోయాను, నవ్వూ ఏడుపూ కలిసి ఎక్కిళ్లు వచ్చాయి. ఎక్కిళ్ల మధ్య, ఆడపిల్ల అన్న మాటను గొయ్యి అనుకున్నానని చెప్పాను.

"ఏ ఊరు బాబూ నీది?"

"గుంటూరమ్మా."

"ఊరి పేర్లోనే ఎట్టుకుని, గుంటంటే తెల్దా!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంది. సన్నాసి పడీపడీ నవ్వాడు. ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. నేను బదిలీ అయ్యేదాకా అక్కడ నా పేరు గుంటూరు గుంటడే.

తవిటమ్మ పాత చీరముక్కలో చుట్టిన బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. గౌరి లోపల మంచం మీదనుంచి తలుపుసందులోంచి చూస్తోంది. నన్ను చూసింది. నా మెడలో నల్ల పట్టీని చూసింది. పక్కన పడి ఉన్న పుస్తకాన్ని చూసింది. ఆ పిల్లకు చదువు రాదు గాని ఆ పట్టీ ఎప్పుడు వేసుకుంటానో ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

"పోనాదనుకునే వచ్చినావా బాబూ?"

తల ఊపాను.

గౌరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తవిటమ్మ ఊరుకోమని కసిరి, నా వైపు తిరిగింది.

"దీవించీ బాబూ. గాక నేకండా."

ఏళ్ల తరబడి చదివినదంతా వెతికాను, ఒక్క ముక్క పైకి రాలేదు. బిడ్డ ఏడుపు మానేసి నా నల్ల పట్టీ కొస గుప్పిట్లో పట్టుకుంది. ఎంత మెల్లగా లాగినా వదల్లేదు. అప్పుడు గౌరే అంది మంచం మీదనుంచి.

"ఇంకేటీ సదవక్కర్నేదు బాబూ. నువ్వు వచ్చీసినావు గదా."